నీళ్లకు ఆగని గాజు

మా అప్పది నౌపడ దగ్గర పల్లె. కిందటేడు చిగుళ్లు వాచి, దవడ పన్ను ఒకటి కదులుతుంటే శ్రీకాకుళం తీసుకెళ్లి పళ్ల డాక్టరుకు చూపించాం. చిగురు కోసి, పంటి వేరు పక్కన ఎముక అరిగి గుంట పడినచోట ఏదో తెల్లటి రవ్వ నింపి, కుట్లు వేసి పంపేశారు. అదేమిటో ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చాక బిల్లు మీదున్న పేరును మేనకోడలు ఫోనులో వెతికి, "అమ్మా, ఇది గాజే" అంది. ఆ రాత్రే అప్ప ఫోను.

"ఒరే తమ్ముడూ, నా పంటి కింద గాజుపిండి ఎట్టీసినార్రా. అన్నంలో గాజు పెంకు వొస్తేనే పేగులు తెగిపోతాయంటారు. ఇదేటి, నన్ను బతకనిస్తాదా?"

నేను విజయనగరంలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. పైగా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నాలుగు నెలలు కుస్తీ పట్టింది ఇలాంటి గాజుతోనే. అయినా ఆ రాత్రి అప్పకు సరిగ్గా చెప్పలేకపోయాను. "అది మంచి గాజులే" అని ఊరుకున్నాను. నిజానికి అక్కడే తప్పు చెప్పాను. అది మంచి గాజు కాదు. గాజుగా చూస్తే చాలా నాసిరకం. దాని ఉపయోగమంతా ఆ నాసిరకంలోనే ఉంది.

అప్ప భయంలో అర్థం లేకపోలేదు. కాల్లో మామూలు గాజు పెంకు దిగి లోపలే ఉండిపోతే ఒళ్లు దాన్ని తనలో కలుపుకోదు. పరాయిదని గుర్తుపట్టి చుట్టూ పీచులాంటి గట్టి పొర అల్లి, మూటగట్టి పక్కన పెట్టేస్తుంది. ఏళ్ల తర్వాత తీసినా పెంకు పెంకులాగే వస్తుంది. ఇనుము, ప్లాస్టిక్, ఏది పెట్టినా చాలావరకు ఇదే వరస. 1960ల దాకా ఒంట్లో పెట్టే వస్తువుల గురించి డాక్టర్ల ఆశ కూడా అంతవరకే ఉండేది: ఆ మూట పలచగా ఉండాలి, చీము పట్టకూడదు, అంతే.

ఆ లెక్క మార్చినవాడు లారీ హెంచ్. అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీలో గాజు, పింగాణీ పదార్థాల మీద పనిచేసేవాడు. వైద్యానికీ ఆయనకీ ఏ సంబంధమూ లేదు. 1967లో ఒక సమావేశానికి బస్సులో పోతుంటే పక్క సీట్లో వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికాధికారి కూర్చున్నాడు. రేడియేషన్ తట్టుకునే పదార్థాలు చేస్తున్నానని హెంచ్ గొప్పగా చెప్పుకుంటే, మరి మనిషి ఒంట్లో తట్టుకునేది చేయగలవా అని ఆయన అడిగాడట. యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్లను చూసి వచ్చిన మనిషి అడిగిన ప్రశ్న అది. హెంచ్ దాన్ని వదల్లేదు. ఎముకలో ఉండే ఖనిజం కాల్షియం, ఫాస్ఫేటుల కలయిక. అయితే ఆ రెండూ ఉన్న గాజును చేద్దాం అనుకున్నాడు. 1969లో ఆ గాజు చిన్న ముక్కలను ఎలుకల తొడ ఎముకల్లో పెట్టారు. ఆరు వారాలయ్యాక ఆ పని చూస్తున్న ఎముకల డాక్టరు టెడ్ గ్రీన్లీ ముక్కలను బయటకు తీయబోతే రాలేదు. తోశాడు, లాగాడు. ఎముక నుంచి గాజు ఊడలేదు.

ఆ గాజు పేరు 45ఎస్5. బరువు లెక్కన నూటికి 45 పాళ్లు సిలికా, అంటే ఇసుకలో ఉండేదే. 24.5 పాళ్లు సోడియం ఆక్సైడు, 24.5 పాళ్లు కాల్షియం ఆక్సైడు, మిగిలిన 6 పాళ్లు ఫాస్ఫరస్ ఆక్సైడు. మన కిటికీ అద్దంలో కూడా ముఖ్యమైన సరుకు ఇదే: ఇసుక, సోడా, సున్నం. కాకపోతే అందులో సిలికా 70 పాళ్లు దాటి ఉంటుంది. తేడా ఆ పాళ్లలోనే ఉంది.

ఎందుకో చూడాలంటే గాజు లోపలి అల్లిక తెలియాలి. మా వైపు పిల్లలకు నేను వల చూపించి చెప్తాను. కళింగపట్నం ఒడ్డున ఆరేసిన చేపల వల ప్రతివాళ్లూ చూసిందే. గాజులో ప్రతి సిలికాన్ పరమాణువూ ఒక ముడి అనుకోండి. ఆ ముడికి నాలుగు వైపులా నాలుగు ఆక్సిజన్లు, నాలుగు తాళ్లలాగ. ఒక్కో తాడు పక్క ముడికి కట్టి ఉంటుంది. అచ్చంగా సిలికా అయితే నాలుగు తాళ్లూ బిగువే. అందులో సోడియం కలిపామంటే తాడు ఒకటి తెగుతుంది, ఆ తెగిన కొస దగ్గర సోడియం కూర్చుంటుంది. కాల్షియం చేసేదీ అదే, ఒకటి బదులు రెండు కొసలను పట్టుకుంటుంది. కిటికీ అద్దంలో చాలా ముళ్లకు ఇంకా మూడు, నాలుగు తాళ్లు నిలిచే ఉంటాయి. అందుకే అది వానకు, ఎండకు తట్టుకుంటుంది. 45ఎస్5లో ముడికి సగటున రెండు తాళ్లు మిగులుతాయి. రెండు తాళ్లతో వల అవదు, పొడుగు దారాలవుతాయి. దారాల మధ్య నుంచి నీళ్లు దూరడం ఎంతసేపు?

ఇక నీళ్లలో పడగానే ఏమవుతుందో చూద్దాం. హెంచ్ దీన్ని అయిదు అంచెలుగా చెప్పాడు. పుస్తకాల్లో అవి ఒకదాని తర్వాత ఒకటి వరసగా కనిపిస్తాయి కానీ, గాజు మీద చాలావరకు ఒకదాని మీద ఒకటి పడి నడుస్తుంటాయి.

మొదటిది మారకం. గాజు పై పొరలోని సోడియం బయటికి పోతుంది, దాని చోటులోకి నీటిలోని హైడ్రోజన్ అయాన్ వచ్చి కూర్చుంటుంది. నిమిషాల్లో మొదలైపోతుంది ఇది. నీరు తన హైడ్రోజన్ అయాన్లను గాజుకు ఇచ్చుకుంది కాబట్టి గాజును ఆనుకుని ఉన్న ద్రవం క్షారంగా మారుతుంది. గాజుకు క్షారం పగ. ల్యాబులో కాస్టిక్ సోడా ద్రావణాన్ని గాజు బిరడా ఉన్న సీసాలో పోసి దసరా సెలవులకు వెళ్లి రండి, బిరడా ఊడదు. క్షారం గాజును తినేసి, బిరడానూ మూతినీ అతికించేసి ఉంటుంది. ఇక్కడా అంతే. మొదటి అంచెలో పుట్టిన క్షారం రెండో అంచెలో వలతాళ్లను కోస్తుంది. తెగిన సిలికా కొంత కరిగి ద్రవంలోకి పోతుంది.

కరగకుండా పైన మిగిలిన సిలికాన్ల దగ్గర ఓహెచ్ గుంపులు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు, వేలాడుతుంటాయి. వాటిని సైలనాల్స్ అంటారు. పక్కపక్కన ఉన్నవి రెండేసి కలిసి, ఒక నీటి అణువును వదిలి, మళ్లీ ముడిపడతాయి. అయితే పాత గాజు తిరిగి రాదు. మెత్తగా, గుల్లగా, నీరు పీల్చుకున్న జెల్లీలాంటి సిలికా పొర వస్తుంది. సోడియం, కాల్షియం వెళ్లిపోయిన చోట్లన్నీ సన్నటి రంధ్రాలే. మూడో అంచె ఇది. నాలుగోదానిలో ఆ పొర మీద కాల్షియం, ఫాస్ఫేటు చేరతాయి. మొదట ఒక వరసా క్రమమూ లేని ముద్దగా ఉంటుంది. అయిదోదానిలో ఆ ముద్ద చుట్టూ ఉన్న ద్రవం నుంచి హైడ్రాక్సిల్, కార్బొనేటు కూడా తీసుకుని స్ఫటికంగా కుదురుకుంటుంది. ఆ స్ఫటికం పేరు కార్బొనేటు కలిసిన హైడ్రాక్సీ అపటైట్. మన ఎముకల్లోని ఖనిజం కూడా అదే జాతి.

మొదటి అంచె కిటికీ అద్దానికీ ఉంది సుమా. వానాకాలం గోడౌనులో ఒకదానిమీదొకటి పేర్చిన అద్దాల మధ్య తడి చేరితే తెల్లగా మసక పడతాయి, ఎంత తుడిచినా పోదు. అదీ సోడియం బయటికి వచ్చిన జబ్బే. కాకపోతే అక్కడ నెలలు పట్టేది ఇక్కడ గంటల్లో అయిపోతుంది. సిలికా 60 పాళ్లు దాటిన గాజులు ఇక ఎముకను అంటుకోవని హెంచ్ వాళ్లు తర్వాత గాజులన్నీ వరసపెట్టి చూసి తేల్చారు.

ఇంతవరకు గాజు సంగతి. కానీ నాలుగో అంచెలో వచ్చే కాల్షియం, ఫాస్ఫేటు ఎక్కడివి? గాజులోవే అనుకుంటారు ఎక్కువమంది. హెంచ్ కూడా మొదట ఫాస్ఫరస్ కలిపింది ఆ ఉద్దేశంతోనే. అసలు తమాషా ఇక్కడుంది. ఫాస్ఫరస్ బొత్తిగా లేని గాజులు కూడా, కాల్షియం సిలికేటు గాజుల్లాంటివి, ఒంటి ద్రవంలో పెడితే ఇదే అపటైట్ పొరను తెచ్చుకుంటాయని తర్వాత తేలింది. అంటే ఫాస్ఫేటు ద్రవంలోదే. గాజు ఎముకను తయారుచేసి పెట్టడం లేదు. ద్రవం తనలో మోస్తున్నదాన్నే గాజు మీద దింపుకుంటోంది.

మన రక్తంలోని నీరు అపటైట్ విషయంలో ఎప్పుడూ అవసరానికి మించి నిండి ఉంటుంది. మా అప్పకు ఈ ముక్క ఒక్కటీ వెంటనే అర్థమైంది. నౌపడ ఉప్పు మళ్లలో సముద్రపు నీరు ఒక మడి నుంచి ఇంకో మడికి పోతూ, ఎండకు చిక్కబడి, చివరి మడిలో ఇక మోయలేక ఉప్పును వదిలేస్తుంది. ఆ చివరి మడికి ముందు నీరు ఎలా ఉంటుందో, మన రక్తం కాల్షియం ఫాస్ఫేటుతో అలా ఉంటుంది. ఇంకొంచెం చాలు, దిగిపోతుంది. మరి మన నరాలన్నీ రాయి కాకుండా ఎందుకున్నాయి? రెండు కారణాలు. ఒకటి, మెగ్నీషియం, పైరోఫాస్ఫేటు, కొన్ని ప్రొటీన్లు కాపలా కాస్తూ స్ఫటికం మొలకను పెరగనివ్వవు. రెండు, మొదటి మొలక పడడమే కష్టం. పటికబెల్లం చేసేవాళ్లు పాకంలో దారం వేలాడదీసేది అందుకే. పాకం ఎంత చిక్కగా ఉన్నా పట్టుకోడానికి ఏదో ఒకటి కావాలి. దారం దొరికితే దాని మీద గడ్డ కడుతుంది.

ఆ సిలికా జెల్లీ పొరే ఇక్కడి దారం. పైగా ఇది ఊరికే వేలాడే దారం కాదు. దాని ఓహెచ్ గుంపులు రుణావేశంతో కాల్షియాన్ని దగ్గరకు లాగుతాయి. గాజు నుంచి కారుతున్న కాల్షియం ఆ దగ్గరలో ద్రవాన్ని ఇంకా చిక్కబరుస్తుంది. క్షారం పెరగడంతో అపటైట్ కరగడం ఇంకా కష్టమవుతుంది. పాకంలో దారమూ వేసి, పంచదారా పోసి, పొయ్యి మీంచి దింపి చల్లార్చినట్టు.

క్షారం పని ఎంతటిదో నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ప్రాజెక్టు పాడుచేసుకుని తెలుసుకున్నాను. ఈ గాజులను ఒంట్లో పెట్టకుండా పరీక్షించడానికి క్యోటో యూనివర్సిటీలో కొకుబో అనే శాస్త్రవేత్త బృందం 1990లో ఒక ద్రవం తయారీని ప్రచురించింది. మనిషి రక్తపు నీటిలో ఉన్న అయాన్లనే దాదాపు అదే కొలతల్లో కలిపిన నీరు. లీటరుకు 142 మిల్లీమోళ్ల సోడియం, 2.5 కాల్షియం, 1.0 ఫాస్ఫేటు, 1.5 మెగ్నీషియం, ఇలా. ప్రొటీన్లు, కణాలు ఏమీ ఉండవు. పీహెచ్ 7.40, వేడి 36.5 డిగ్రీలు. గాజు ముక్కను అందులో వేసి, రోజుల తర్వాత తీసి, పైన అపటైట్ వచ్చిందా అని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తారు. వస్తే చిన్న చిన్న బుడిపెలు గుత్తులు గుత్తులుగా, అచ్చం కాలీఫ్లవర్ పువ్వులా ఉంటుంది.

వినడానికి ఉప్పునీళ్లు కలపడమే. కలపబోతే తెలుస్తుంది. వరస తప్పకూడదు. కాల్షియం వేసే ముందు యాసిడ్ పోసి ద్రవాన్ని ఆమ్లంగా ఉంచుకోవాలి, లేకపోతే ఫాస్ఫేటుతో కలిసి అక్కడికక్కడే దిగిపోతుంది. చివర్లో ట్రిస్ అనే క్షారపు పొడిని చిటికెడు చిటికెడు వేస్తూ, పీహెచ్ మీటరు చూసుకుంటూ 7.40కి తేవాలి. ఆ రోజు సాయంత్రం విశాఖ నుంచి రైలుకు టైమైపోతోందని నేను చెంచాడు ట్రిస్ ఒకేసారి గుమ్మరించేశాను. అద్దంలా ఉన్న నీళ్లు కళ్ల ముందే బియ్యం కడుగులా అయిపోయాయి. పొద్దున్నుంచి తూచి కలిపిన లీటరు ద్రవం సింకులో పోయాల్సి వచ్చింది. చెంచా పడినచోట ఒక్క క్షణం క్షారం పెరిగింది, అంతే, కాల్షియం ఫాస్ఫేటు దిగిపోయింది. నేను తొందరలో చేసిన తప్పునే ఈ గాజు తన ఒంటి మీద, తనకు కావలసిన చోట మాత్రమే, ఒద్దికగా చేసుకుంటుంది.

ఇంకో విచిత్రం. గాజును పరీక్షించే ఆ ద్రవాన్ని గాజు సీసాలో ఉంచకూడదు. గీతలు లేని నున్నటి ప్లాస్టిక్ సీసా కావాలి. గాజు గోడ మీద, సీసా లోపలి గీతల అంచుల మీద అపటైట్ మొలకెత్తేస్తుంది. నా రెండో విడత ద్రవంలో సీసా అడుగున ఒక గీత వెంబడే తెల్లటి చార కట్టింది. మొలక పడడానికి పట్టు దొరకడమే కష్టమని నేను ఇప్పుడు క్లాసులో చెప్పేటప్పుడు నా కళ్లకు కనపడేది ఆ గీతే.

కాబట్టి ఈ పరీక్షను అతిగా నమ్మకూడదనేది కూడా నా అభిప్రాయం. సీసాలో పొర వచ్చింది కాబట్టి ఒంట్లో ఎముకకు అంటుకుంటుందని రాసేస్తుంటారు. ట్రైకాల్షియం ఫాస్ఫేటు అనే పదార్థం ఎముకలో చక్కగా పనిచేస్తుంది, కానీ ఈ ద్రవంలో చాలాసార్లు అపటైట్ పొరే తెచ్చుకోదు. అటు ఇటు తప్పే అవకాశం ఉంది. ద్రవం ఒక వడపోత మాత్రమే. వందల గాజుల్లో ఏవి ముందుకు తీసుకెళ్లాలో చెప్తుంది. మనిషిలో ప్రొటీన్లు ముందే పరిగెత్తుకొచ్చి పొర మీద పరుచుకుంటాయి. కణాలు ఆ ప్రొటీన్ల మీద దిగుతాయి గాని నున్నటి గాజు మీద కాదు. సీసాలో అదేమీ జరగదు.

ఒంట్లో ఆ తర్వాత కథ జీవశాస్త్రం వాళ్లది, నేను క్లుప్తంగానే చెప్పగలను. ఎముకను కట్టే కణాలు అపటైట్ పొరను పరాయిదిగా చూడవు, ఎందుకంటే వాటికి తెలిసిన ఖనిజమే అది. అక్కడ కొల్లాజెన్ పోగులు అల్లుతాయి. ఆ పోగులు, స్ఫటికాలు పెనవేసుకుని ఎముకకూ గాజుకూ మధ్య అతుకు పడుతుంది. టెడ్ గ్రీన్లీ లాగినా రానిది ఆ అతుకే. ఇంకో సంగతి, గాజు నుంచి కరిగిన సిలికా, కాల్షియం ఆ కణాల్లో కొన్ని జన్యువులను మేల్కొలుపుతాయని హెంచ్ తర్వాత లండన్ ఇంపీరియల్ కాలేజీలో జూలియా పోలక్‌తో కలిసి చేసిన పనిలో చూపించాడు. అంటే గాజు చోటు ఇవ్వడంతో ఆగడం లేదు, పనివాళ్లను పిలుస్తోంది కూడా.

మరి విరిగిన తొడ ఎముక బదులు ఈ గాజు కడ్డీనే పెట్టేయొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. పెట్టలేం. గాజు గాజే, పెళుసు. బరువు మోయమంటే పగులుతుంది. అందుకే దాన్ని రవ్వగా, ముద్దగా, గుంటలు పూడ్చడానికి వాడతారు. అమెరికాలో 1985లో చెవి లోపలి చిన్న ఎముకలకు బదులు పెట్టేదానికి మొదట అనుమతి వచ్చింది. చిగుళ్ల జబ్బుతో అరిగిన ఎముకకు వేసే రవ్వ 1993లో వచ్చింది. అప్పకు వేసింది ఆ జాతిదే. ఆ రవ్వ గింజలు మిల్లీమీటరులో పదోవంతు కన్నా చిన్నవి మొదలుకుని ముప్పాతిక మిల్లీమీటరు లోపు ఉంటాయి. గింజకూ గింజకూ మధ్య సందు ఉంటేనే రక్తం, కణాలు లోపలికి పోతాయి, అందుకే మరీ పిండి చేయరు. పిండి చేసేది టూత్‌పేస్టులో. జివ్వుమనే పళ్లకు అమ్మే కొన్ని పేస్టుల పెట్టె మీద కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని రాసి ఉంటుంది, చూడండి. ఈ గాజే అది. పంటి మీద తెరుచుకున్న సన్నటి గొట్టాల్లో చేరి, లాలాజలంలోని కాల్షియం ఫాస్ఫేటుతో వాటిని మూస్తుంది. ఒంటి ద్రవం బదులు ఉమ్ము, మిగతా కథ మామూలే.

ఫిన్లాండులో సిలికా 53 పాళ్లున్న ఇంకో గాజును, ఎస్53పీ4 అనేదాన్ని, చీము పట్టిన ఎముక గుంటల్లో వాడుతున్నారు. అక్కడ మొదటి అంచెలో వచ్చే క్షారమే బ్యాక్టీరియాకు పొసగకుండా చేస్తుంది. నా ట్రిస్ చెంచా అక్కడ మందయింది.

ఇదంతా మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అప్పకు అరుగు మీద కూర్చుని చెప్పాను. వల దగ్గర విసుక్కుంది, ఉప్పు మడి దగ్గర తలూపింది. అంతా విని ఒకటే అడిగింది.

"మరి ఆ గాజు పోతాదా, ఉండిపోతాదా?"

కొంత పోతుంది, కొంత ఉంటుంది. చిన్న గింజలు పై నుంచి కరుగుతూ, అపటైట్‌గా మారుతూ, నెలల్లో ఎముకకు చోటిచ్చేస్తాయి. పెద్ద గింజల్లో నడుమ గాజు ఏళ్ల తరబడి మిగిలిపోవచ్చు. అలా మిగిలినా చుట్టూ ఎముకే ఉంటుంది, పీచు మూట కాదు. పొర గంటల్లోనే మొదలవుతుంది, అది నిజం. ఆ పొర మీద నమలడానికి తగిన ఎముక రావడానికి మాత్రం నెలలు కావాలి. ఈ ముక్క చెప్పేటప్పటికి పలాస నుంచి వచ్చిన వేయించిన జీడిపప్పు పళ్లెం అప్ప ఒళ్లో ఉంది. ఒక పప్పు తీసి, కాసేపు చూసి, కుడి దవడ వైపు వేసుకుంది. గాజు ఉన్నది ఎడమ వైపు.